పద్నాలుగో పాఠంలో ముప్ఫై ఒక్క తప్పులు

జూన్ 3, 2013. సోమవారం

ఇంటి లెక్కలు ఇంగ్లీషులో రాస్తాను. ఈ పుస్తకం మాత్రం మన ఫిలిపినో మాటలోనే. ఇంగ్లీషుతో ఎన్నేళ్ళు కాపురం చేసినా తిట్టడానికి మన మాటే కావాలి.

‘గుడ్ జాబ్’. ఈ ఉదయం అయిదూ నలభై నుంచి ఆరు గంటల వరకు, ఇరవై నిమిషాల్లో, ఫోనులో కొరియావాళ్ళకి ఇంగ్లీషు నేర్పే నా మనవరాలు జోలీనా ఆ మాట ఇరవై రెండుసార్లు అంది. ప్లైవుడ్ గోడకి ఇవతల కూర్చుని గీతలు పెట్టి లెక్కపెట్టాను. కొరియాలో ఫోను పట్టుకున్న ఆవిడ బస్సు ‘చేశాను’ అంటే గుడ్ జాబ్. కునుకు ‘చేశాను’ అంటే వెరీ గుడ్ జాబ్. నాకు దగ్గు వచ్చింది. రాకపోయినా దగ్గేదాన్ని.

కాఫీ దగ్గర అడిగాను. నాయనమ్మని కదా, నన్ను లోలా అంటుంది.

“తప్పు చెబితే తప్పని చెప్పవా?”

“చెప్పకూడదు లోలా. మా రూలు. మధ్యలో ఆపితే వాళ్ళు బెదిరిపోతారు. మాట్లాడనిచ్చి, చివర్లో ఒకటో రెండో మెల్లిగా చెప్పాలి.”

“ఆ రూలు రాసిందెవరు?”

“రొన్నెల్. మా టీమ్ లీడరు.”

“వయసు?”

“ఇరవై ఆరు.”

ఇంకేమీ అడగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు టీచర్లకే పాఠం చెప్పిన ఇంట్లో, ఇరవై ఆరేళ్ళవాడి రూలు నడుస్తోంది.

గుడ్లు ఏడు. పుంజు మూడుసార్లు కూసింది. దాని కూత క్లాసులో వినిపిస్తే జోలీనాకి చీవాట్లు పడతాయట. ‘గుడ్ జాబ్’ వినిపిస్తే పడవు.


జూన్ 5. బుధవారం

జోలీనా స్నానానికి వెళ్ళింది. ఫోను భోజనాల బల్ల మీద వెలిగింది. ఇతరుల ఉత్తరాలు చదివే అలవాటు నాకు లేదు. అయితే అది ఉత్తరం కాదు, అంకెలు. తెర మీద జోలీనా పేరు, దాని కింద విద్యార్థులు ఆమెకి వేసిన మార్కులు: 5, 5, 4, 5.

మళ్ళీ చూశాను. 5, 5, 4, 5.

నా ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో కాలేజీలో ఉనో, అంటే ఒకటి, ఇచ్చింది తొమ్మిదిమందికే. వాళ్ళలో ఇద్దరు ప్రిన్సిపాళ్ళయ్యారు. త్రెస్, అంటే మూడు, బొటాబొటిగా గట్టెక్కడం. సింకో అంటే అయిదు, తప్పినట్టు. అది వేసింది నూట పన్నెండు మందికి. ఆ నూట పన్నెండు మందీ మళ్ళీ ఏడాదంతా కూర్చున్నారు. సింకో వచ్చిన పిల్ల తల్లిదండ్రులు ఇంటికి కోడిని పట్టుకుని వస్తే, కోడిని కూడా వెనక్కి పంపాను.

ఇప్పుడు నా ఇంట్లో, నా ఇంటిపేరు పెట్టుకున్న గెల్వెజోన్ పిల్లకి, ఒకే వారంలో మూడు సింకోలు.


జూన్ 6

ఇంకో సింకో.


జూన్ 8. శనివారం

ఉండబట్టలేక అడిగాను. “నీ మార్కులు చూశాను.”

జోలీనా మొహం ఎర్రబడింది. “ఆ నాలుగొక్కటే బాధగా ఉంది లోలా. నెలాఖరుకి సగటు నిలబడితే ఉద్యోగం ఖాయం చేస్తారు. లేకపోతే ఇంటికే.”

వచ్చినవాటిలో కాస్త నయమైనది ఆ నాలుగు. దానికి బాధట! సింకోలకి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఈ కాలం పిల్లలకి సిగ్గు ఎక్కడ పడాలో కూడా తెలియదు. ఇన్ని సింకోలకి ఇంకా తీసెయ్యకుండా ఉంచారంటే ఆ కంపెనీ వాళ్ళది జాలిగుండె అయ్యుండాలి.

చేపల బెబాంగ్ గుమ్మంలో బుట్ట దించింది.

“మేడమ్, మీ జోలీనాకి ఫోనులో మాట్లాడితేనే జీతమట కదా? మా అల్లుడు పొద్దస్తమానం ఫోనులోనే ఉంటాడు. వాడికెవరూ ఏమీ ఇవ్వరు.”

“మీ అల్లుడు తప్పులు దిద్దుతాడా?”

“వాడే ఒక తప్పు మేడమ్. వాణ్ణెవరు దిద్దుతారు?”

తులింగన్ చేపలు నాలుగు తీసుకున్నాను. ఒకదానికి కన్ను లోపలికి పోయింది. వెనక్కి ఇచ్చి వేరేది తెప్పించాను.


జూన్ 9. ఆదివారం

చర్చిలో పూజ నుంచి వచ్చి, గోడకి ఇవతల నుంచి విని రాసిన లిస్టు శుభ్రంగా తిరగరాశాను. మూడు వారాల్లో జోలీనా వదిలేసిన తప్పులు, ఆమె స్వయంగా చేసినవి కలిపి రెండువందల పద్నాలుగు. తేదీ, తప్పు, ఒప్పు. మూడు గళ్ళు. రాత్రి భోజనం దగ్గర కంచం పక్కన పెట్టాను.

చదివింది. మారు మాట్లాడకుండా లేచి గిన్నెలు కడిగింది. చెప్పింది విని దిద్దుకునే పిల్ల. ఆ వినయం నా కొడుకులో లేదు, ఈమెలో ఉంది.

అన్నం సగం వదిలేసింది. పన్ను నొప్పట.


జూన్ 12. బుధవారం

మన ఫిలిపినోల జెండా పండగ. కొరియాకి కాదు కాబట్టి క్లాసు ఉంది.

మిసెస్ పియోతో ఇంకా పద్నాలుగో పాఠమే. మూడో వారం! ఈ ఆవిడ పేరు పియో మాల్‌సుక్, బూసాన్‌లో ఉంటుంది, వారానికి మూడు రోజులు. పద్నాలుగో పాఠం ‘టేక్’. మనం మందు వేసుకుంటాం, పరీక్ష రాస్తాం, ఫోటో తీస్తాం, సెలవు పెడతాం, ప్రమాణం చేస్తాం. ఇంగ్లీషువాడు అన్నిటికీ ‘టేక్’ ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకని అడగకూడదు. ఏ మాట పక్కన అది నిలుస్తుందో, ఏ మాట పక్కన నిలవదో బట్టీ పట్టాలి, అంతే. నేనైతే రెండు రోజుల పని. మొదటి రోజు నలభై జంటలు, రెండో రోజు పరీక్ష.

జోలీనా ఏం చేస్తోందీ? “ఈ రోజు ఏం తిన్నారు? నిద్ర పట్టిందా? మళ్ళీ చెప్పండి, తొందర లేదు.” ఇరవై నిమిషాల్లో పుస్తకం తెరిచింది ఆరు నిమిషాలు. మిగతాదంతా ఇరుగుపొరుగు కబుర్లు. సింకో రాకుండా ఎలా ఉంటుంది?


జూన్ 13. గురువారం

జోలీనాకి ఇలొయిలోలో జ్ఞానదంతం తీశారు. దవడ బొప్పాయంత అయింది. మాట రావడం లేదు, కాగితం మీద రాసి చూపిస్తోంది.

‘రేపటి క్లాసులు కంపెనీవాళ్ళు రద్దు చేశారు. మిసెస్ పియోకి మాత్రం కబురు అందలేదట. లోలా, 5.40కి పచ్చ గుర్తు నొక్కి ఒక్క మాట చెప్పండి: ఈ రోజు క్లాసు లేదు, సోమవారం ఉంటుంది. అంతే.’

‘అంతే’ కింద రెండు గీతలు గీసింది.


జూన్ 14. శుక్రవారం, ఉదయం 6.15

చెప్పాను. అంటే, పాఠం. క్లాసు లేదన్న మాట చివర్లో చెబుదామనుకున్నాను. చివర్లో లైను పోయింది.

ఎవరో ఒకరు ఆ పద్నాలుగో పాఠం ముగించాలి కదా. “జోలీనాకి పన్ను తీశారు. నేను ఆమె నాయనమ్మని, నేనూ టీచర్నే. పుస్తకం తెరవండి,” అన్నాను. ఆవిడ “ఓ. టీచర్ అమ్మమ్మ,” అంది. అమ్మమ్మ కాదు, మేడమ్. అక్కడి నుంచే దిద్దడం మొదలుపెట్టాను.

‘టేక్’తో సొంత వాక్యాలు చెప్పమన్నాను. తప్పు దొర్లిన చోటల్లా ఆపాను. మొత్తం ముప్ఫై ఒకటి. ముఖ్యమైనవి:

1. “నా భర్త మందు తినడం లేదు.” మందు పక్కన ‘ఈట్’ రాదు. కొరియావాళ్ళు మందు తింటారట, మనవాళ్ళు తాగుతారు. ఇంగ్లీషులో రెండూ తప్పే. ‘టేక్’.

2. “డాక్టరు ఛాతీ ఫోటో చేశాడు. నల్లగా ఉంది.” ఫోటోకి ‘టేక్’.

3. “ఆయన ఓడకి సెలవు చేశాడు. పొడుగు సెలవు.” సెలవుకి ‘టేక్’. పొడుగు కాదు, దీర్ఘమైన.

4. “ఆయనకి స్నానం నేను తీసుకుంటాను.” ఇది వేరే రకం తప్పు. ఒకరికి చేయించేటప్పుడు ‘టేక్’ పనికిరాదు. మూడు నిమిషాలు వివరించాను.

5. “ఫిలిపినో కుర్రాళ్ళు ఆయన డ్యూటీ చేశారు, వాంతి తుడిచారు.” కాలం తప్పింది. ‘వాంతి’ పలకడం రాలేదు. అయిదుసార్లు పలికించాను.

6. “డాక్టరు అన్నాడు, ఇంక ఎక్కువ కాలం పట్టదు.” సరి! కాలానికి ‘టేక్’ తానే పెట్టింది. ఇరవై నిమిషాల్లో తప్పులేని వాక్యం ఇదొక్కటే. “బాగుంది. మళ్ళీ చెప్పండి,” అన్నాను. మళ్ళీ చెప్పింది. “గట్టిగా, తడుముకోకుండా,” అన్నాను. మూడోసారి చెప్పింది. తర్వాత లైను పోయింది. వాళ్ళ దేశంలో ఫోన్లు ఇంత అధ్వాన్నంగా ఉంటాయనుకోలేదు.

గొంతు బొంగురుపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత పాఠం చెప్పాను. రెండో కాఫీ పెట్టుకున్నాను.

ఉదయం 9.00

మార్కు వచ్చింది. జోలీనా మాత్ర వేసుకుని నిద్రపోతోంది, నేనే చూశాను.

1.

ఉనో!


జూన్ 15. శనివారం

జోలీనాకి ఇంకా చెప్పలేదు. నోరు తెరుచుకున్నాక చెబుతాను, నవ్వడానికి వీలుగా. అల్లం వేసి మెత్తగా కోడిమాంసం గంజి చేశాను. ఒక కోడిని తగ్గించాను. గుడ్ల లెక్క మారుతుంది.

“ఏమిటి మేడమ్ విశేషం?” అంది బెబాంగ్.

“ఉనో వచ్చింది.”

“జోలీనాకా?”

“ఆమె పేరు మీదే వచ్చింది.”

“మీ మొహం చూస్తే మీకే వచ్చినట్టుంది.”


జూన్ 17. సోమవారం

మొత్తం రాయాలి. ఒక్క మాట వదలకుండా.

ఉదయం అయిదింటికి జోలీనా హెడ్‌సెట్ పెట్టుకుంది. అయిదుంబావుకి బయటికి వచ్చింది. దవడ వాపు తగ్గలేదు. కళ్ళు కూడా వాచాయి.

“నా క్లాసులన్నీ మూసేశారు.” మాట ముద్దముద్దగా వస్తోంది. “ఒకటి! లోలా, ఒకటి! మూడు నెలల్లో నాకు మూడు కూడా ఎవరూ వెయ్యలేదు!”

“ఒకటి వచ్చినందుకు ఏడుస్తావేమిటే?”

ఆమె నా వంక చూసింది.

“లోలా. ఒకటంటే మీరేమనుకుంటున్నారు?”

“ఉనో.”

కుర్చీలో కూలబడింది. “ఇది మీ కాలేజీ కాదు లోలా. ఇక్కడ అయిదు అన్నిటికంటే ఎక్కువ. ఒకటి అన్నిటికంటే తక్కువ.”

“మరి నీ సింకోలు?”

“సింకోలు కాదు, అయిదులు! ఇరవై నాలుగు మార్కుల్లో ఇరవై ఒక్క అయిదులు, మూడు నాలుగులు. మా బ్యాచ్‌లో అందరికంటే పైన ఉన్నాను. నాలుగు పాయింట్ ఎనిమిది ఉంటే ఉద్యోగం ఖాయం. నాకు నాలుగు పాయింట్ ఎనిమిది ఏడు అయిదు ఉండేది. ఇప్పుడు ఏడు రెండు.”

మనసులోనే లెక్క వేశాను. నూట పదిహేడు, ఒకటి కలిపితే నూట పద్దెనిమిది, పాతికతో భాగిస్తే నాలుగు పాయింట్ ఏడు రెండు. లెక్క సరిగ్గానే ఉంది.

“నాకు చెప్పొచ్చు కదా,” అన్నాను.

“మీరు అడగొచ్చు కదా! నా అయిదులన్నీ తప్పిన మార్కులనుకున్నారు. ఇన్ని రోజులు! ఒక్కసారి అనుమానం రాలేదా? నేను తప్పుతున్నానంటే నమ్మడం మీకంత తేలికా?”

ఈ ఇంట్లో నా మీద గొంతెత్తినవాళ్ళు ఇంతవరకు ఇద్దరే, మా ఆయనా, నా కొడుకూ. ఇద్దరూ ఇప్పుడు లేరు.

“ఆవిడకి ఏం చెప్పారు లోలా?”

“పాఠం చెప్పాను. తప్పులు దిద్దాను. లిస్టు ఉంది, చూసుకో.”

చూసింది. నిలబడే చదివింది. ఆరో అంకె దగ్గర వేలు ఆగింది. కాగితం నా ముందు పెట్టింది.

“తప్పులు చూడకండి. చదవండి,” అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.


జూన్ 18. మంగళవారం

చదవలేదు. ఎందుకు చదవాలి? రాసిందే నేను.

ఎవరు పెట్టారీ లెక్క? నేర్చుకునేవాళ్ళు నేర్పేవాళ్ళకి మార్కులు వెయ్యడమేమిటి? రేపు రోగులు డాక్టర్లకి వేస్తారు. దొంగలు పోలీసులకి వేస్తారు. చేప బెబాంగ్‌కి వేస్తుంది. పొగిడినవాడికి అయిదు, దిద్దినవాడికి ఒకటి అయితే, ఇంక దిద్దేదెవరు? ప్రపంచమంతా గుడ్ జాబ్ అనుకుంటూ గోతిలోకి నడుస్తుంది.

నేను చేసింది సరి. ముప్ఫై ఒక్క దిద్దుబాట్లలో ఒక్కటి కూడా తప్పు కాదు. నిఘంటువు తీసి సరిచూశాను.


జూన్ 19

జోలీనా మాట్లాడలేదు. గుడ్లు అయిదు.


జూన్ 20. గురువారం

చదివాను.

తప్పుల గడి మాత్రమే చదివాను. దిద్దుబాట్ల మీద అట్టముక్క పెట్టుకుని, ఆవిడ అన్న మాటలు మాత్రమే, ఒకదాని కింద ఒకటి. మందు తినడం లేదు. ఛాతీ ఫోటో. నల్లగా ఉంది. ఓడకి సెలవు. స్నానం. వాంతి. డాక్టరు అన్నాడు, ఇంక ఎక్కువ కాలం పట్టదు.

దాన్ని నేను మూడుసార్లు చెప్పించాను. గట్టిగా, తడుముకోకుండా.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ లెక్క లెక్కే. పెట్టెలో అడుగున ఒక ఉత్తరం ఉంది. 1981లో ఓడ కంపెనీ రాసింది. మా ఆయన అంబ్రోసియో ఇంజన్ గదిలో పోయాడని. దాంట్లో ఇంగ్లీషు ఘోరంగా ఉంది. ‘మేము విచారం తీసుకుంటున్నాము’ అని రాశారు. నేను ఎర్ర సిరాతో అయిదు చోట్ల దిద్దాను. ఎవరూ లేరు గదిలో, దిద్దాను. దిద్ది, మడిచి, మర్నాడు కాలేజీకి వెళ్ళాను. అందరూ ఎంత ధైర్యమో అన్నారు.

ఆ ఉత్తరం నాచేత ఎవరూ పైకి చదివించలేదు. ఒక్కసారి కూడా.


జూన్ 21. శుక్రవారం

తప్పు నాది కాబట్టి నేనే ఒప్పుకోవాలి. రొన్నెల్‌కి ఫోను చేశాను.

“నేను జోలీనా నాయనమ్మని.”

“చెప్పండి లోలా!”

“లోలా కాదు. మేడమ్.”

“సరే మేడమ్. కంగారేం లేదు, జోలీనా అంతా రాసి ఇచ్చేసింది. పన్ను నొప్పి మీద ఆవిణ్ణి విసుక్కున్నానని. తప్పంతా తన మీదే వేసుకుంది.”

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“ఇలాంటివి జరుగుతుంటాయి మేడమ్. టీచరు బదులు ఇంకొకళ్ళు కూర్చున్నారనుకోండి, అప్పుడు మాత్రం ఆ నిమిషమే తీసెయ్యడం. మా పై వాళ్ళు దాన్ని అస్సలు ఒప్పుకోరు. అలాంటిదేం లేదు కదా?”

సర్వీసులో కాపీ కొడుతుంటే నేను పట్టుకున్నది అరవై మూడు మందిని. అందరినీ ప్రిన్సిపాల్ ముందు నిలబెట్టాను. కారణాలు వినలేదు.

“లేదు,” అన్నాను.

“అమ్మయ్య. అయితే ఒక దారి ఉంది. మిసెస్ పియో ఒప్పుకుంటే జోలీనాతో ఇంకో క్లాసు. అప్పుడు వేసే మార్కు ఈ ఒకటి స్థానంలోకి వస్తుంది. కానీ ఆవిడ ఒప్పుకోవాలి. మేం అడుగుతాం, మీరు మాత్రం ఆవిడకి ఫోను చెయ్యకండి మేడమ్, ప్లీజ్.”

ఆ ఒకటి చెరిగి మూడు పడితే నూట ఇరవై. పాతికతో భాగిస్తే సరిగ్గా నాలుగు పాయింట్ ఎనిమిది. రెండు పడితే పోతుంది.

ఈ నెల నేనాడిన అబద్ధాలు: ఒకటి.


జూన్ 24. సోమవారం

మిసెస్ పియో ఒప్పుకుందట. శుక్రవారం, అదే సమయం.

జోలీనా వచ్చి చెప్పింది. నాలుగు మాటలు. అయినా నాతోనే చెప్పింది.

“నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు?” అన్నాను.

“ఉద్యోగం కావాలి కనక. మీమీద ప్రేమతో అనుకోకండి.”

అలా చెప్పడమే నయం. స్పష్టంగా ఉంది.


జూన్ 28. శుక్రవారం

నేను గోడకి ఇవతలే కూర్చున్నాను. అయిదూ నలభై రెండుకి తలుపు తెరుచుకుంది. జోలీనా హెడ్‌సెట్ ఒక చెవి తీసి నాకు చాపింది. “మిమ్మల్నే అడుగుతోంది.” మెల్లిగా అంది, “రొన్నెల్‌కి తెలిస్తే ఇద్దరం ఇంటికే.”

“ఇంట్లోనే ఉన్నాం,” అన్నాను. జోలీనాకి నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది.

తలలు ఆనించి చెరో చెవీ పెట్టుకున్నాం.

“టీచర్ అమ్మమ్మ?” అంది అటువైపు గొంతు. ఈసారి దిద్దలేదు.

“తప్పు నాది,” అన్నాను. “ఆ రోజు మీరు చెప్పింది నేను వినలేదు.”

ఆవిడ అంది, “నాకు చాలా కోపం. ఒకటి వేశాను. సున్నా లేదు. ఉంటే సున్నా.”

“నేనైనా అదే వేసేదాన్ని.”

“రేపు ఓడ బూసాన్ వస్తుంది. ఇంజన్ గది కుర్రాళ్ళు నలుగురు ఆసుపత్రికి వస్తారు. మీ దేశంవాళ్ళు. ఆయన ఇప్పుడు మాట్లాడటం లేదు. నేను మాట్లాడాలి. అందుకే ఇంగ్లీషు. జోలీనా టీచర్ మంచి పిల్ల. అన్నీ బాగున్నాయంటుంది. కానీ రేపు నిజంగా బాగుండాలి. మీరు చెప్పండి. మీరు అబద్ధం చెప్పరు.”

జోలీనా నా వంక చూడలేదు. గోడ వంక చూసింది.

“ముందు చెప్పదలచుకున్నదంతా చెప్పండి,” అన్నాను. “నేను మధ్యలో ఆపను.”

తొమ్మిది నిమిషాలు చెప్పింది. ఎలాంటి ఇంగ్లీషు! కాలాలు కలగాపులగం. మధ్యలో కొరియా మాటలు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. జోలీనా చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆపడానికి పెట్టిందో, ఊరికే పెట్టిందో తెలియదు. ఆయన పేరు పియో కాదట, వాళ్ళలో భార్యలు ఇంటిపేరు మార్చుకోరట. ఆయన మిస్టర్ తాక్. నవంబరులో ఓడలోనే రక్తం కక్కుకున్నాడు. రేవు చేరేదాకా పదకొండు రోజులు ఆ కుర్రాళ్ళే చూశారు. వాళ్ళలో ఒకడు అన్నం పిసికి తినిపించాడు. అతని పేరు ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలి.

తర్వాత ముగ్గురం కూర్చుని నాలుగు వాక్యాలు చేశాం. నేను దిద్దాను, జోలీనా పలికించింది.

మీరు ఆయన్ని బాగా చూసుకున్నారు.

ఆయన వంతు డ్యూటీలు మీరు చేశారు.

ఆయనతో ఒక ఫోటో దిగండి.

ఆయన చెయ్యి పట్టుకోండి.

నాలుగింటికీ ఇంగ్లీషులో ‘టేక్’. ఒక్కదాన్ని కూడా రెండోసారి అనమని నేను అడగలేదు. ఆవిడే అనుకుంది, సమయం అయిపోయేదాకా.


జూన్ 30. ఆదివారం

పూజకి వెళ్ళలేదు. ఫోను ఎదురుగా కూర్చున్నాం. పదిన్నరకి వచ్చింది.

3.

మార్కు కింద ఆవిడ నాలుగు ముక్కలు రాసింది. ‘నలుగురూ వచ్చారు. మూడు వాక్యాలు సరిగ్గా చెప్పాను. నాలుగోది చెప్పలేదు. చెప్పకముందే వాళ్ళు పట్టుకున్నారు.’

జోలీనా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నాలుగు పాయింట్ ఎనిమిది సున్నా. రొన్నెల్ వెంటనే ఫోను చేశాడు. రేపటి నుంచి క్లాసులు తెరుస్తారు, ఉద్యోగం ఖాయం.

“మూడా?” అన్నాను. “అంత చేస్తే మూడేనా? తప్పు ఒప్పుకున్నాను. తొమ్మిది నిమిషాలు నోరు మూసుకున్నాను. ఏ లెక్కన మూడు?”

“లోలా, గట్టెక్కాం కదా!”

“గట్టెక్కడం వేరు, న్యాయం వేరు. నాలుగు రావాలి.”

“పోనీ, మీ కాలేజీ లెక్కన ఎంత?”

మూడే. కిందినుంచి లెక్కపెట్టినా, పైనుంచి లెక్కపెట్టినా మూడు మూడే, గట్టెక్కడమే. ఆవిడ స్థానంలో నేనుంటే ఇవ్వాల్సింది కూడా అంతే. ఆ విషయం జోలీనాకి చెప్పలేదు.

సాయంత్రం ఆమె రెండువందల పద్నాలుగు తప్పుల లిస్టు తెచ్చి నా ముందు పెట్టింది. “ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఇకమీదట నా గురించి ఏదన్నా రాస్తే, నన్ను అడిగి రాయండి.”

“అడిగితే తప్పు చెప్పనిస్తావా?”

“చెప్పనిస్తాను. ఒకటో రెండో. చివర్లో. మెల్లిగా.”

రొన్నెల్ రూలు! నా ఇంట్లో!


జూలై 1. సోమవారం

అయిదూ ముప్ఫై అయిదుకి జోలీనా తలుపు తీసి పట్టుకుంది.

“గోడకి ఇవతల కూర్చుని దగ్గడం ఎందుకు? వినాలని ఉంటే లోపలికి రండి. పెన్సిలు బయట పెట్టి రండి.”

“పెన్సిలు లేకుండా ఎలా వినాలి?”

“చెవులతో.”

పొగరు. ఎవరి పోలికో నాకు తెలుసు.

మంచం అంచున కూర్చున్నాను. మిసెస్ పియో ఇరవై నిమిషాలు మాట్లాడింది. పద్నాలుగో పాఠం ఇంకా పూర్తి కాలేదు. ఎన్ని తప్పులు దొర్లాయో తెలియదు, రాసుకోలేదు.

అన్నం పిసికి తినిపించిన కుర్రాడి పేరు రేమార్క్, ఊరు మియాగావ్, మన ఇలొయిలో దగ్గరే. ఓడ బయల్దేరేదాకా రోజూ వస్తానన్నాడట.

మిస్టర్ తాక్ ఈ ఉదయం గంజి మూడు చెంచాలు తాగారు. నిన్న ఒకటి.